వాల్వు పెట్టె కొనవచ్చునా?

వాల్వు అన్న మాటకు మన పాఠ్యపుస్తకాలు కవాటమని పేరు పెట్టాయి. గుండెకు నాలుగు కవాటాలున్నాయని బడిపిల్లలందరూ వల్లె వేసేదే. సంస్కృతంలో కవాటమంటే తలుపు. 1904లో ఇంగ్లండులో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ అనే శాస్త్రజ్ఞుడు, గాలి తీసేసిన గాజుబుడ్డిలో కాలిన తీగనుంచి విద్యుత్తు ఒక్క దిక్కుకే ప్రవహించేటట్లు చేసి, దానికి వాల్వు అని పేరు పెట్టినప్పుడు ఆయన మనసులోని అర్థమూ అదే. వెళ్ళనిచ్చి వెనక్కు రానివ్వని తలుపు. రెండేళ్ళ తరువాత అమెరికాలో లీ డి ఫారెస్ట్ ఆ తలుపుకు ఒక జాలకం తగిలించాడు. అటుపైన రేడియో, టాకీ, మైకుసెట్టు, విద్యుత్ గిటారు అన్నీ ఆ జాలకంలోంచి వచ్చినవే.

ఇంత పాతకాలపు వస్తువును గురించి ఇప్పుడీ టపా దేనికంటే, దాని మంచిచెడ్డలు తేల్చవలసిన మధ్యవర్తిత్వం ఇటీవల నా నెత్తిన పడింది. మా తమ్ముడి మనవడు గుడివాడలో డిప్లొమా చదువుతున్నాడు. గిటారు వాయిస్తాడు. పెళ్ళి రిసెప్షన్లలోనూ, క్రిస్మసు రోజుల్లో మిత్రుల చర్చిలోనూ వాయించి రెండేళ్ళలో 14,000 రూపాయలు కూడబెట్టాడు. ఆ సొమ్ముతో గిటారుకు చిన్న వాల్వు ఆంప్లిఫయరు కొనుక్కుంటానని వాడంటాడు. ట్రాన్సిస్టర్లూ, కంప్యూటర్లూ వచ్చాక ఎవడైనా గాజుబుడ్లు కొంటాడా, ఆ డబ్బుకు మరికొంత కలిపి ల్యాప్‌టాప్ తీసుకోమని వాళ్ళ నాన్న అంటాడు. చివరకు ఇద్దరూ "పెదనాన్న ఏమంటే అదే", "తాతయ్య ఏమంటే అదే" అన్నారు. పిల్లవాడి స్వార్జితం, మొదటి సంపాదన. దానిమీద తీర్పు చెప్పడమంటే తేలికైన పని కాదు.

తెలుగు పండితుడికి ఆంప్లిఫయరుతో ఏమి పని అని మీరు నవ్వుకోవచ్చు. నేను పనిచేసిన బడులన్నింటిలోనూ మైకుసెట్టు బీరువా తాళంచెవి తెలుగు మాస్టారి దగ్గరే ఉండేది. సభానిర్వహణ తెలుగు మాస్టారిది గనుక మైకు గొంతు పోతే బాగు చేయించవలసినదీ ఆయనే. అదిగాక నా చిన్నతనంలో మా ఇంట్లో వాల్వు రేడియో ఉండేది. స్విచ్చి నొక్కిన అరనిమిషానికి గానీ అది గొంతు విప్పేది కాదు. ముందు దీపం వెలిగేది, తరువాత వెచ్చని వాసన, ఆ తరువాత దూరాన్నుంచి నడిచి వస్తున్నట్లు విజయవాడ కేంద్రం. పిల్లలం దాని వెనుక అట్ట కన్నాల్లోంచి ఎర్రగా కాలుతున్న వాల్వులను చూస్తూ కూర్చునేవాళ్ళం.

అయితే వాల్వుల మీద నాకు మూఢభక్తి లేదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు, స్తంభాలు కూలి కరెంటు పోగానే మా రేడియో మూగబోయింది. ఆ తరువాతి రోజుల్లో వార్తలు వినిపించింది ఎదురింటివారి బ్యాటరీ ట్రాన్సిస్టరే. ఏ ఊరు ఏమైందో, ఎవరు మిగిలారో తెలియక వీధి వీధంతా దానిచుట్టూ నిలబడింది. ట్రాన్సిస్టరు అనగానే పెదవి విరిచేవారిని చూస్తే నాకు ఆ గుంపు గుర్తుకు వస్తుంది. కనుక పాతదని మెచ్చుకోవడమూ, పాతదని తోసిపుచ్చడమూ రెండూ పక్కన పెట్టి, వస్తువు చేసే పనేమిటో చూద్దామనుకున్నాను.

*

డెల్టావాళ్ళకు వాల్వు పని సులువుగా బోధపడుతుంది. కాలువ నిండా నీళ్ళున్నాయి. లాకు దగ్గర తలుపు దించి ఉంది. లస్కరు చేతి బలం ఎంత? కానీ ఆయన మర తిప్పి తలుపును జానెడు పైకెత్తితే వందల ఎకరాలకు పారే నీరు కదులుతుంది. బలం కాలువది, ఎప్పుడు, ఎంత అన్న నిర్ణయం లస్కరుది. వాల్వులో జాలకం మీదికి వచ్చే గిటారు తీగ స్పందన ఆ లస్కరు చేయి. గోడలోని కరెంటు ఆ కాలువ. స్పీకరుకు చేరేది కాలువ నీరే అయినా దాని కదలిక మాత్రం లస్కరు చేతిదే.

మైకుసెట్టులోనూ జరిగేది ఇదే. మరి గిటారుకు వేరే పెట్టె ఎందుకు? ఈ ప్రశ్న వాళ్ళ నాన్నదే. సబబైన ప్రశ్న. మైకుసెట్టు ధర్మం అభిధ. చెప్పినది చెప్పినట్లు, పెద్దగా వినిపించడమే దాని పని. ఉపన్యాసకుడి గొంతుకు సొంత కవిత్వం జోడిస్తే దాన్ని మరమ్మతుకు పంపుతాం. విద్యుత్ గిటారు సంగతి వేరు. గట్టి చెక్కమీద బిగించిన తీగకు సొంత నాదం బహు స్వల్పం. నూజివీడులో పనసకర్రతో చేసే వీణకు కుండ ఎలాగో ఈ గిటారుకు ఆంప్లిఫయరు అలాగ. అది వాద్యానికి తగిలించిన యంత్రం కాదు, వాద్యంలో సగభాగం. మన పక్కజిల్లా పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ (1969-2014) ఆ చిన్న వాద్యాన్ని విద్యుత్ వాద్యం చేసుకున్నాకనే కదా, దానిమీద గమకాలు అంతసేపు నిలిచి సభాంతం వరకూ వినిపించాయి!

ఇక వాల్వుకూ ట్రాన్సిస్టరుకూ భేదం ఎక్కడంటే, శక్తి చాలక మొరాయించినప్పుడు. ఏ ఆంప్లిఫయరుకైనా ఒక హద్దుంటుంది. హద్దు దాటేటట్లు తీగను మీటితే ధ్వనితరంగపు శిఖరం లోపల ఇమడదు. మామూలు ట్రాన్సిస్టరు సర్క్యూటు ఆ శిఖరాన్ని కత్తిపీటతో కోసినట్లు తెగ్గోస్తుంది. వాల్వు దాన్ని క్రమంగా వంచుతుంది. హద్దుకు చాలా ముందునుంచే వంగడం మొదలుపెడుతుంది. అలా రూపం మారిన తరంగంలో, మీటిన స్వరంతోపాటు మీటని స్వరాలు కొన్ని పుడతాయి. సంగీతం తెలిసినవారికి ఇది కొత్త కాదు. మూలస్వరానికి రెట్టింపు కంపనం తారాషడ్జం, మూడింతలు దాని పంచమం, ఐదింతలు గాంధారం. తంబురా శ్రుతి చక్కగా కుదిరినప్పుడు ఎవరూ మీటకుండానే వినిపించే స్వయంభూగాంధారం ఈ ఐదోదే. ఒక్క పవరు వాల్వుతో పనిచేసే చిన్న పెట్టెల్లో ఈ పుట్టుకొచ్చే స్వరాలలో ముందు తారాషడ్జం బలంగా ఉంటుంది. అది మూలస్వరానికి స్వజనమే గనుక చెవికి దోషంగా తోచదు, నిండుదనంగా తోస్తుంది. తెగ్గోసిన తరంగంలో ఏడింతలు, తొమ్మిదింతలు, ఇంకా పైవీ దండిగా పుడతాయి. అవి బంధువులు కారు. గరగర అక్కడిది.

ఇంజనీర్లు దీన్ని వక్రీకరణం అంటారు. వాళ్ళ శాస్త్రంలో అది దోషం. మన శాస్త్రంలోనో? కుంతకుడు వక్రోక్తే కావ్యానికి జీవితమన్నాడు. మాట తిన్నగా పోతే వార్త, వంపు తిరిగితే కావ్యం. అంతకు ముందే ఆనందవర్ధనుడు, గంట మోగిన తరువాత నిలిచే అనురణనంవంటిదే వ్యంగ్యార్థమని వివరించాడు. అయితే ఆలంకారికులెవరూ ప్రతి వంకరమాటనూ కావ్యమనలేదు. సహృదయుడికి ఆహ్లాదం కలిగించే వంపే వక్రోక్తి, తక్కినది వంకర. వాల్వు పెట్టెకైనా కొలమానం ఇదే అనిపించింది. వంపు తిరుగుతోందా అన్నది ప్రశ్న కాదు. ఎవరి చేతి ప్రకారం తిరుగుతోంది అన్నది ప్రశ్న.

చిన్న పెట్టె అని తేలికగా చూడకూడదని కూడా చరిత్ర చెబుతోంది. అమెరికాలో ఫెండర్ కంపెనీ 1948లో మొదలుపెట్టిన చాంప్ తరహా పెట్టెలు కేవలం పిల్లల అభ్యాసానికి ఉద్దేశించినవి. ఒక చిన్న వాల్వు, ఒక పవరు వాల్వు, ఐదు వాట్లకు అటూఇటూ శక్తి. పేరున్న కళాకారులు రికార్డింగు గదుల్లో తరువాత వాటినే వెతుక్కుని వాడుకున్నారు. 1970లో వచ్చిన లైలా ఆల్బముకు ఎరిక్ క్లాప్టన్ అటువంటి చిన్న చాంప్‌నే వాడాడు. మనవైపు మాట చెప్పాలంటే, గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాలవారి గొంతు పాతాళభైరవి (1951) నాడు రికార్డయినది వాల్వుల మీదే. శ్రీరామనవమి పందిళ్ళలో మన తాతలు విన్నదీ వాల్వుల మైకుసెట్టులోనే.

*

మనవడి ముందు రెండు పెట్టెలున్నాయి. మొదటిది కొత్తది. ఆన్‌లైనులో 8,500. బొమ్మలో ముందు భాగాన చిన్న కిటికీ, అందులో నారింజరంగున వెలిగే వాల్వు, ముచ్చటగా ఉంది. రెండవది పాతది. అమెరికానుంచి తిరిగివచ్చిన ఒకరు బందరులో అన్నగారింట వదిలి వెళ్ళినది. 12,000 చెప్పారు.

మొదటిదాని వివరాలు పిల్లవాడిచేత పైకి చదివించాను. వాల్వు ఒక్కటే. 12ఏఎక్స్7 అనే చిటికెనవేలంత బుడ్డి. అది ముందుదశలో ధ్వనిని సిద్ధం చేసే వాల్వు మాత్రమే. స్పీకరును తోసే పవరు దశ అంతా ట్రాన్సిస్టర్ల చిప్పు. పెట్టె నడిచేది 12 వోల్టుల ఎడాప్టరు మీద. ఈ వాల్వు హాయిగా పనిచేయడానికి వందకు పైబడిన వోల్టులు కావాలి. ఇటువంటి చౌక పెట్టెల్లో దానికి అంత తిండి సాధారణంగా పెట్టరు. పైగా ఆ నారింజ వెలుగు వాల్వుది కాదు. దానికింద అమర్చిన చిన్న ఎల్ఇడి దీపానిది. నిజమైన కాథోడ్ వెలుగు అంత ఆర్భాటంగా ఉండదు. గది చీకటి చేస్తేనే సరిగా కనిపిస్తుంది.

బందరు చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు తరాలుగా చేస్తున్నారు. ఆ పనితనం చిన్నది కాదు. పెళ్ళికి అద్దంలా మెరిసే హారాన్ని సామాన్యులకు అందుబాటులోకి తెచ్చిన పని అది. ఎంచేతనంటే వాళ్ళు దాన్ని రోల్డుగోల్డని చెప్పే అమ్ముతారు. కొనేవారూ అదని తెలిసే కొంటారు. ఆ కొత్త పెట్టెతో నాకు పేచీ అందులో ట్రాన్సిస్టర్లున్నాయని కాదు. దీపం పెట్టి వాల్వని చెప్పుకుంటోందని. "ట్రాన్సిస్టరు పెట్టె కావాలంటే ట్రాన్సిస్టరు పెట్టెనే కొనుక్కో. ఆరువేలలో నిఖార్సయినది వస్తుంది. దీపానికి రెండున్నర వేలు ఎక్కువ ఇవ్వకు" అన్నాను. వాడికి ఆ మాట కష్టం తోచలేదు. వాడి చూపు మొదటినుంచీ బందరు మీదనే ఉంది.

*

గుడివాడనుంచి బందరుకు రైలులో వెళ్ళాం. పిల్లవాడు తన గిటారు తెచ్చుకున్నాడు. మేడమీద గదిలో, మొజాయిక్ నేలమీద, పెట్టె పెట్టి ఉంది. ముందు ఎత్తి చూశాను. బరువుగా ఉంది. ఇది శుభలక్షణం. వాల్వు పెట్టె బరువు చెక్కది కాదు, లోపలి రెండు ఇనుప ట్రాన్స్‌ఫార్మర్లది. ఒకటి గోడ కరెంటును మార్చేది. రెండవది వాల్వుకూ స్పీకరుకూ మధ్య దుబాసీ. చౌకగా చేసేవారు మొదట కక్కుర్తి పడేది ఈ దుబాసీ దగ్గరే. అది చిన్నదైతే మంద్రస్థాయి పీలగా వస్తుంది. వెనుకనుంచి చూస్తే ఒక 12ఏఎక్స్7, ఒక ఈఎల్84 కనిపించాయి. ఈఎల్84 పవరు వాల్వు. అంటే పని చివరిదాకా వాల్వులే చేస్తున్నాయి. స్పీకరు ఎనిమిది అంగుళాలది.

గిటారు తగిలించకుండా వాల్యూము సగానికి పెట్టి విన్నాం. చిన్న గుంయ్‌మనే శబ్దం ఉంది. కొద్దిగా ఉంటే సహజం. మాటకు అడ్డం వచ్చేంత ఉంటే కండెన్సర్లు ఎండినట్లు. పెన్సిలు రబ్బరు కొసతో వాల్వులను మెల్లగా తట్టాను. ఈఎల్84 పలకలేదు. 12ఏఎక్స్7 మాత్రం గంటలాగా టంగున మోగింది. లోపలి రేకులు వదులైన వాల్వు అలా మోగుతుంది. గిటారు తీగకంటే ముందు తనే పాడుతుంది. ప్లగ్గు పెట్టే కన్నంలో చిలుము పట్టి గరగరలాడుతోంది. సముద్రపుగాలి ఊళ్ళో రాగికీ ఇత్తడికీ తప్పని రోగమది.

అప్పుడు వాయించమన్నాను. నా చెవులు అరవై దాటినవి. సన్నని పైస్వరాలు నాకు ఇప్పుడు సరిగా అందవు. అందుకని చెవి వాడిది, పరీక్ష నాది అని ఒప్పందం. "ఒకే స్వరాన్ని ముందు వేలి కొసతో, తరువాత గోటితో, తరువాత కసిగా మీటు. పెట్టె మీద చేయి వేయవద్దు" అన్నాను. మెత్తగా మీటితే స్వచ్ఛంగా పలికింది. కసిగా మీటితే అంచు కాస్త చిరిగి, గొంతు జీరపోయినట్లు పలికింది. గిటారు మీది వాల్యూము తగ్గించగానే మళ్ళీ తేటపడింది. మూడు మీట్లకు మూడు గొంతులు. మూడింటి మధ్యా పిల్లవాడి చేయి మాత్రమే మారింది. వంపు ఎవరి చేతి ప్రకారం తిరుగుతోందన్న నా ప్రశ్నకు అక్కడ జవాబు దొరికింది. వాడి ముఖం చూస్తే ధర అడగకుండానే కొనేటట్లున్నాడు.

ఐదు వాట్లు చాలవేమోనన్న సందేహం కూడా తీరింది. చెవి వాట్లను కూడికలుగా లెక్కపెట్టదు. వాట్లు రెట్టింపయితే పెరిగేది మూడు డెసిబెళ్ళే. 50 వాట్ల పెట్టె ఐదు వాట్లదానికి పదింతలు కాదు; చెవికి ఇంచుమించు రెండింతలు. ఆ గదిలో వాల్యూము సగం దాటేసరికి కిందనుంచి ఇంటావిడ పైకి వచ్చారు. అయితే డ్రమ్ముల పక్కన మాత్రం ఇది ఆగదు. చర్చిలోనో రిసెప్షనులోనో వాయించాలంటే దీని ముందు మైకు పెట్టి పెద్ద సెట్టుకు కలుపుకోవలసిందే. ఇది తెలిసి కొనాలి.

ఇంతలో వాడు చెప్పులు విడిచిన కాళ్ళతో నేలమీద సర్దుకుని కూర్చుని, తీగలమీద చేయి వేసి, "తాతయ్యా, సన్నగా జివ్వుమంటోందండీ" అన్నాడు.

గిటారు కింద పెట్టేయమన్నాను. గోడ దగ్గర స్విచ్చి ఆపించాను.

పెట్టె వెనుక చీటీ మీద 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంది. అమెరికా కరెంటుకు చేసినది. మన 230 వోల్టులకు నేరుగా తగిలిస్తే కాలిపోతుంది గనుక మధ్యలో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టారు. ఆ ట్రాన్స్‌ఫార్మరుకు ఉన్నవి రెండు కన్నాలే. పెట్టె తీగకున్న మూడో పిన్నును, అంటే ఎర్తును, ఎవరో కట్టర్‌తో తెంపి అందులో దూర్చారు. గిటారు తీగలు లోహం. అవి కేబులు ద్వారా పెట్టెలోని ఇనుప ఛాసిస్‌కు కలిసి ఉంటాయి. ఛాసిస్‌కు ఎర్తు లేకపోతే, లోపల ఎక్కడ చిన్న లీకున్నా అది భూమికి చేరే దారి వాయించేవాడి ఒళ్ళే. లోపల మూడువందల వోల్టుల దాకా ఉండే యంత్రంతో ఇది ఆట కాదు. 1972లో వేల్సులోని స్వాన్సీలో లెస్ హార్వీ అనే గిటారిస్టు ఎర్తు సరిగా లేని మైకును ముట్టుకుని వేదికమీదే చనిపోయాడు. మన డెల్టాలో ఏడాదిలో సగం రోజులు నేల చెమ్మగిలే ఉంటుంది. మన పిల్లలు వట్టికాళ్ళతో కూర్చుని వాయిస్తారు. నాదం ఎంత మధురమైనా ఆ పెట్టె ఆ స్థితిలో ఒక్క రూపాయికైనా కొనదగినది కాదు.

ఇదంతా ఇంటివారికి చెప్పాను. వారు మంచివారు. 2,000 బయానా తీసుకుని, మేస్త్రికి చూపించి రమ్మని పెట్టె మా చేతిలో పెట్టారు.

*

వాల్వు తెలిసిన మేస్త్రి ఎక్కడ? బందరులో అడిగిన దుకాణాలన్నీ బోర్డు మార్చేవే గాని, బోర్డులో ఏముందో చూసేవి కావు. చివరికి అవనిగడ్డలో ఒక పాత మైకుసెట్ల మేస్త్రి ఉన్నారని తెలిసింది. మరుసటి వారం చల్లపల్లి, మోపిదేవి మీదుగా దివిసీమ బస్సెక్కాం. ఆయనకు డెబ్బై దాటాయి. దుకాణం నిండా బూరలు, హారన్లు, పాత మైకుసెట్ల పెంకులు. బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారు వాల్వులు చేసిన రోజుల అట్టపెట్టెలు ఇంకా అలమరలో ఉన్నాయి.

ఆయన స్క్రూలు విప్పారు గాని వెంటనే చేయి పెట్టలేదు. తీగకు రెసిస్టరు కట్టిన ఒక పుల్లతో పెద్ద కండెన్సరును ముట్టి, మీటరు సున్నా చూపించేదాకా ఆగారు. "ప్లగ్గు పీకేసినా ఇది మర్చిపోదు బాబూ. పగలు తిన్న కరెంటు రాత్రికి కక్కుతుంది. ఎడమచేయి జేబులో పెట్టుకుని కుడిచేత్తో పని చెయ్యాలి" అని పిల్లవాడికి చెప్పారు. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండెమీదుగా పోతుందన్నది ఆ ఎడమచేయి శాస్త్రం.

గంటసేపు చూసి ఆయన చెప్పినది ఇది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు బాగుంది, అదే ప్రాణం. కరెంటు ట్రాన్స్‌ఫార్మరు 60 హెర్ట్జ్‌కు చేసినది గనుక మన 50 హెర్ట్జ్ మీద ఎక్కువ వేడెక్కుతోంది. దాన్ని తీసేసి, విజయవాడ వైండింగు షాపులో 230 వోల్టులకు కొత్తది చుట్టించాలి. అప్పుడు స్టెప్‌డౌన్ పెట్టె అక్కరే లేదు. లీకవుతున్న కండెన్సరు, ఎండిపోయిన మరి రెండు మార్చాలి. మూడు తీగల కేబులు వేసి ఎర్తును ఛాసిస్‌కు బోల్టుతో బిగించాలి. చిలుము పట్టిన కన్నం మార్చాలి. అన్నీ కలిపి 2,600. మోగుతున్న చిన్న వాల్వుకు మాత్రం రష్యాదో స్లొవేకియాదో కొత్తది తెప్పించుకోవాలి, పోస్టుతో 1,500. ఇంకొక మాట కూడా చెప్పారు: "స్పీకరు తీగ ఊడి ఉండగా ఎప్పుడూ వాయించకు. భారం లేక ట్రాన్స్‌ఫార్మరు కాలిపోద్ది."

లెక్క వేశాం. 12,000కు 4,100 కలిపితే 16,100. పిల్లవాడి దగ్గరున్నవి 14,000. మేస్త్రిచేత చీటీ రాయించుకుని బందరు వెళ్ళి ఇంటివారికి చూపించాం. పెట్టె వెలను 9,500కు దించారు. 9,500, 2,600, 1,500 వెరసి 13,600. చేతిలో మిగిలేది 400.

ఇక తీర్పు. వాళ్ళ నాన్న ముందే చెప్పాను. ల్యాప్‌టాప్ వాదం కాదనదగినది కాదు. చదువు పూర్తయ్యే ఏడాదిలో అది అవసరం. అయితే 13,600తో వచ్చే ల్యాప్‌టాప్ కూడా దీపం పెట్టిన వాల్వువంటిదే. దానికి ఇంకా అంత సొమ్ము తండ్రి కలపాలి, కలపడానికి ఆయన సిద్ధంగానే ఉన్నాడు. అప్పుడది కొడుకు సంపాదనతో కొన్నదవుతుందా, తండ్రి కొనిపెట్టినదవుతుందా? ఆరువేల ట్రాన్సిస్టరు పెట్టె కొని మిగిలినది దాచుకోవడం మూడో దారి. నిజానికి అన్నింటికన్నా క్షేమమైన దారి. రిసెప్షన్లలో వాయించడమే వాడి లక్ష్యమైతే నేను దానికే ఓటు వేసేవాణ్ణి. కానీ వాడు ఇంట్లో రోజూ రెండుగంటలు ఒంటరిగా సాధన చేస్తాడు. సాధన చేసేవాడికి కావలసినది పెద్ద గొంతు కాదు, తన చేతి తప్పొప్పులను దాచకుండా చెప్పే గొంతు. మూడు మీట్లకు మూడు గొంతులిచ్చే పెట్టె అది చెబుతుంది. మరమ్మతు పూర్తయి, ఎర్తు మీటరు మీద చూసుకున్నాకనే డబ్బు పూర్తిగా ఇవ్వాలన్న షరతుతో, కొనవచ్చునన్నాను.

మా తమ్ముడి కొడుకు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "పెదనాన్నా, ఇంట్లో ఆ గదికి అసలు ఎర్తు ఉందో లేదో ముందు అది చూపిస్తాను" అన్నాడు. ఎలక్ట్రీషియను వచ్చి చూస్తే గోడలో మూడో కన్నమైతే ఉంది గాని దాని వెనుక తీగ లేదు. ఆ ఖర్చు తండ్రి పెట్టుకున్నాడు. ఈ బేరం వల్ల మా కుటుంబానికి ఒరిగిన మొదటి లాభం అది.

మిత్రులలో ఎవరి పిల్లలైనా ఇటువంటి పెట్టె అడుగుతుంటే నాకు తోచిన వరుస ఇది. పవరు దశలో వాల్వు ఉందా, లేక ముందు కిటికీలో మాత్రమేనా అని చూడండి. మన కరెంటుకు చేసినదేనా, ఎర్తు గోడదాకా ఉందా చూడండి. ఇక్కడ రాజీ లేదు. మెత్తగా, గట్టిగా మీటించి పెట్టె భేదం చెబుతోందా వినండి. వాల్వు అరిగిపోయే వస్తువు గనుక కొత్త వాల్వు వెల కూడా ధరలో కలుపుకోండి. అన్నింటికీ మించి, బస్సు ప్రయాణమంత దూరంలో దాన్ని విప్పి బాగుచేయగల మనిషి ఉన్నాడా అని విచారించండి. ఆ మనిషి లేనిచోట ఎంత మంచి వాల్వు పెట్టె అయినా కొద్దికాలపు ముచ్చటే.

అవనిగడ్డ మేస్త్రి దగ్గర పని నేర్చుకునేవారు ఎవరూ లేరు. మావాడు ఆదివారాలు అక్కడికి వెళ్ళివస్తున్నాడు. ఎడమచేయి జేబులో పెట్టుకోవడం వచ్చిందట. టంకం పెట్టడం ఇంకా రావాలి.